తలక్రిందుల పర్వతము

కొండ యెక్కువానికి ప్రకృతి ఒక ఉపకారము చేయును. కష్టమును ముందుగా చూపును. నాలుగు మిట్టలు ఎక్కునప్పటికే రొప్పు పుట్టును, పిక్కలు పట్టును, నాలుక యెండును. "ఇది నా వలన అగునా?" అను ప్రశ్న దారి మొదటనే ఎదురగును. కాదని తోచినవాడు వెనుకకు తిరిగిన చాలును. ఇంటిదారి యంతయు పల్లమే. మన మహేంద్రగిరి యెక్కబోయి సగములో మరలివచ్చినవానికి తోటివారి నవ్వులు తప్ప వేఱు ఆపద కలుగదు.

ఈ క్రమము తలక్రిందులైనచో నేమగును? మొదట పల్లము, పిదప మిట్ట; ఉదయపు చల్లదనములో నిండుబలముతో దిగుట, మఱునాటి యెండలో అలసిన కాళ్లతో ఎక్కుట. అట్టి ప్రయాణము అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఆరిజోనా రాష్ట్రమందలి గ్రాండ్ కాన్యన్ అను మహాగండిలో కలదు. అచట బాటసారి శిఖరమునుండి బయలుదేరి పాదమునకు పోవును; ఇల్లు చేరవలెనన్న మరల శిఖరము నెక్కవలయును. కష్టము ముందుగా కనబడదు. అది అడుగున కూర్చుండి వేచియుండును. ఆ గండిలోని మిక్కిలి కఠినమైన యొక కాలిబాటను గూర్చియు, అనుభవజ్ఞులు దానిని ఏ లెక్కలు వేసికొని నడతురో దానిని గూర్చియు ఈ వ్యాసమున వివరింతును.

నది కొండను కోసికొని పాఱిన చోటును మనము గండి యందుము. కడప జిల్లాలో పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పోవుచోట నున్న కోటకు గండికోట యను పేరు వచ్చినది ఇందువలననే. కొలరాడో అను నది ఆరిజోనాలో ఇట్టి పనినే మహాప్రమాణమున చేసినది. గ్రాండ్ కాన్యన్ పొడవు 277 మైళ్లు, అనగా 446 కిలోమీటర్లు. కొన్నిచోట్ల ఈ అంచునుండి ఆ అంచునకు 18 మైళ్లు కలదు. లోతు పలుచోట్ల ఒక మైలునకు మించును. నది ఈ గండిని తొలుచుటకు 50, 60 లక్షల సంవత్సరములు పట్టినదని శాస్త్రజ్ఞులలో పెక్కుమంది యభిప్రాయము. 1919లో ఈ ప్రదేశమును జాతీయోద్యానముగా ప్రకటించిరి.

గండి గోడలు ఏకముగా నిలువున ఉండవు. అవి పెద్ద పెద్ద మెట్లవలె నుండును. దీనికి కారణము రాళ్ల స్వభావము. సున్నపురాయి, ఇసుకరాయి పొరలు ఆ ఎండుదేశమున గట్టిగా నిలిచి నిట్రమైన చరియలగును. వాని నడుమ బురద గడ్డకట్టి యేర్పడిన మెత్తని పొరలు కలవు. అవి వానకు, మంచునకు కరగి రాలి వాలు నేలలగును. చరియ, వాలు, మరల చరియ, మరల వాలు. ఇట్లు పైనుండి అడుగువఱకు సాగును. వాలుమీద మనుష్యుడు నడవగలడు. చరియను మాత్రము నేల యెక్కడనో బీటవారి, రాయి విఱిగి, పగులు ఏర్పడిన చోటనే దాటగలడు. కావున ఈ గండిలో కాలిబాట యనగా చరియలలోని సందులను ఒకదానితో నొకటి కలుపు గీత యని తెలిసికొనవలెను. ఒక సందునకు మఱియొక సందు నేరుగా క్రింద ఉండదు. అందుచేత బాటసారి క్రిందికి నూఱడుగులు దిగుటకు ప్రక్కకు మైళ్లకొలది నడవవలసి వచ్చును.

ఇక నీటిమాట. ఉత్తరపు అంచు సముద్రమట్టమునకు 8,000 అడుగులకు పైబడిన ఎత్తున నున్నది. అచట సంవత్సరమునకు 25 అంగుళములకు మించి నీరు వానగాను మంచుగాను పడును. దట్టమైన పైన్ వృక్షముల అడవి యున్నది. గండి అడుగున పది అంగుళముల వానయైనను పడదు. ముండ్లచెట్లు, రాళ్లు, ఎండ మాత్రమే. పైన పడిన నీరు ఏమగుచున్నది? అది సున్నపురాతి నెఱియలలో ఇంకి, పొర వెంట పొర దిగి, నీటిని పోనీయని మెత్తని బురదరాతి పొర తగిలినంతనే ఆగి, ప్రక్కకు ప్రవహించి, పెద్ద చరియల పాదములయొద్ద ఊటలై వెలువడును. అనగా పై అంచున నీరున్నది, అడుగున నీరున్నది, నడుమ నుండు వేల అడుగుల దారిలో మాత్రము నీరు దాదాపు లేదు. బాటసారి నడవవలసినది ఆ నడిమి దారియే. ఈ సంగతిని చక్కగ మనసున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఈ గండి మనుష్యుని కన్నును మోసపుచ్చును. దీనికి 1540వ సంవత్సరపు కథ యొకటి సాక్ష్యము. ఆ యేడు స్పెయిను దేశపు సైనికాధికారి గార్సియా లోపెజ్ దె కార్డెనాస్ హోపీ జాతివారిని దారిచూపరులుగా గొని, తన సైనికులతో దక్షిణపు అంచునకు వచ్చెను. ఐరోపావారిలో ఈ గండిని మొదట చూచినవారు వీరే. పైనుండి చూడగా అడుగున నది ఒక మనుష్యుడు దాటగల కాలువవలె వారికి కనబడెను. కాదు, అది మిక్కిలి వెడల్పైన నదియని హోపీలు చెప్పినను వారు నమ్మలేదు. మూడు దినములు దారి వెదకిరి. తుదకు ముగ్గురు చురుకైనవారు దిగుటకు పూనుకొని, సాయంకాలమునకు మరలివచ్చిరి. తాము మూడవవంతు మాత్రమే దిగగలిగితిమనియు, పైనుండి మనిషి యెత్తు కనబడిన బండలు సెవిల్ నగరపు మహాగోపురముకంటె ఎత్తుగా నున్నవనియు వారు చెప్పిరి. కంటియెదుట నది పాఱుచుండగా నీరు దొరకక ఆ దండు వెనుకకు తిరిగెను. ఈ గండిలో దిగుటను గూర్చి వ్రాతలో నిలిచిన మొట్టమొదటి ప్రయత్నము ఇట్లు ముగిసినది. ఆ ముగ్గురును తెలివైన పని చేసిరనియే చెప్పవలెను. దిగిన దారినే ఎక్కవలెనని వారు మఱవలేదు.

నేడు గండిలోనికి దిగుటకు పెక్కు బాటలు కలవు. దక్షిణపు అంచునుండి దిగు రెండు మూడు బాటలను ప్రభుత్వమువారు వెడల్పు చేసి, మరమ్మతు చేయించుచుందురు. వాని మీద కంచరగాడిదలు కూడ నడచును. నేను చెప్పబోవునది అట్టిది కాదు. అది ఉత్తరపు వైపున, గండి తూర్పు కొసయందున్న నాన్‌కోవీప్ బాట. ఈ పేరు పైయూట్ జాతివారి భాషనుండి వచ్చినది. పేరుగల బాటలన్నిటిలో ఇది మిక్కిలి కష్టమైనదని ఉద్యానపు అధికారులే నిర్ణయించిరి. ఎత్తు చూచిన భయపడువారు దీని జోలికి పోరాదనియు, ఎడారి గండులలో ముందుగా నడచి అలవాటు పడినవారే దీనికి పూనుకొనవలెననియు వారు హెచ్చరింతురు.

ఇది ఆదిమవాసులు నడచిన పూర్వపు దారి. 1882లో జాన్ వెస్లీ పోవెల్ దీనిని గుఱ్ఱములు దిగుటకు తగినట్లు బాగుచేయించెను. పోవెల్ అంతర్యుద్ధమున 1862లో కుడిచేయి పోగొట్టుకొనిన వీరుడు. ఆ ఒంటిచేతితోనే 1869లో పడవలపై కొలరాడో నదిలో ప్రయాణము చేసి ఈ గండిని ఆమూలాగ్రము చూచినవాడు. 1882నాటికి ఆయన అమెరికా భూగర్భ పరిశోధనశాఖకు అధిపతి. ఈ దారిలో చార్లెస్ వాల్కాట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుని గండిలోనికి పంపెను. వాల్కాట్ ఆ చలికాలమున 72 దినములు అడుగుననే యుండి శిలల పొరలను పరీక్షించెను. అచటి శిలలలో ఆవగింజవలె చిన్నవైన గుండ్రని బిళ్లల గుర్తులు దొరకెను. 1899లో వానికి చువారియా అని పేరిడెను. ఆ శిలల వయస్సు సుమారు 75 కోట్ల సంవత్సరములు. అంత ప్రాచీనకాలమున జీవమున్నదని అప్పటికి నమ్మినవారు అరుదు. తరువాత ఇట్టి గుర్తులే మన దేశమున వింధ్యశిలలలో కూడ కనబడినవి. విజ్ఞానము ఒక్కొక్కప్పుడు ఎంత కష్టమైన దారిని నడచి వచ్చునో దీనివలన తెలియును.

ఇక బాటను అనుసరింతము. అడవిలోని పై కొసనుండి నదివఱకు సుమారు 14 మైళ్లు. పై కొస సముద్రమట్టమునకు సుమారు 8,800 అడుగుల ఎత్తున, నది సుమారు 2,800 అడుగుల ఎత్తున కలవు. అనగా దిగవలసినది 6,000 అడుగులు. మహేంద్రగిరి ఎత్తు సముద్రమట్టమునకు సుమారు 4,900 అడుగులు. సముద్రపుటొడ్డున నిలిచి మహేంద్రగిరి శిఖరమును చూచినవారు, అంతకంటె వేయి అడుగులు హెచ్చైన ఎత్తును వీపున మూటతో దిగి, మరల అదే మూటతో ఎక్కుటను ఊహించుకొనవచ్చును.

మొదటి మూడు మైళ్లు అడవిలో, కొండ వెన్నుమీదుగా సాగును. తరువాత రెండు ఎత్తుల నడుమ జీనువలె వంగిన కనుమ వచ్చును. దాని ప్రక్కనున్న కొండకు జీనుకొండ యను అర్థము వచ్చు పేరే కలదు. అక్కడినుండి జాతీయోద్యానపు హద్దు ప్రారంభము. అక్కడ మొదటి చరియను దిగినంతట బాట ఎఱ్ఱని ఇసుకరాయి అంచులపైకి వచ్చి, క్రిందికి పోవుట మాని ప్రక్కకు తిరుగును. క్రింద నున్న మహాచరియలో సందు దొరకునంతవఱకు అట్లే మైళ్లకొలది పోవలెను. ఈ భాగమే నాన్‌కోవీప్ బాటకు పేరు తెచ్చినది. ఒక ప్రక్క గోడ, ఒక ప్రక్క అగాధము. కొన్నిచోట్ల బాట పాదము పట్టునంత మాత్రమే యుండును. పాదము క్రింద రాలురాళ్లు జాఱుచుండును. వీపుమూట గోడకు తగిలి మనిషిని బయటికి నెట్టవచ్చును గనుక మూటను వెడల్పుగా కట్టరాదు, వ్రేలాడు వస్తువులు ఉంచరాదు. అచట తొందరపడువాడును, జంకి నిలిచిపోవువాడును సమానముగా ప్రమాదమున పడుదురు.

నడుమ మేరియన్ పాయింట్ అను కొండకొమ్ము వచ్చును. నలుగురైదుగురు పండుకొనుటకు తగిన చదునైన చోటు అచట కలదు. దాపున ఒక సన్నని ఊట యున్నది గాని, అది కాలమునుబట్టి కారును, కాలమునుబట్టి ఎండును. దానిని నమ్ముకొని బయలుదేరుట తగదు. మఱికొంత దూరము పోయినపిమ్మట వాలిన బల్లవలె నున్న యొక మిట్ట వచ్చును. అక్కడనే రెడ్‌వాల్ అను సుమారు 500 అడుగుల సున్నపురాతి మహాచరియను దిగుటకు సందున్నది. ఈ రాయి లోపల బూడిదవన్నె గలది. పై పొరలలోని ఇనుపమన్ను వానకు కారి దీనికి ఎఱుపు పూసినది. గండి పొడవునను బాటసారులకు పెద్ద అడ్డంకి ఈ ఎఱ్ఱగోడయే. దానిని దిగుట యనగా నిట్టనిలువు వాలున, చిన్నరాళ్లు గోలీలవలె దొరలు నేలపై, మోకాళ్లు వణకునట్లు దిగుట. దాని తరువాత బీడునేల వాలులు. అటుపిమ్మట, చెవికి ముందుగా వినబడి, కంటికి తరువాత కనబడు నాన్‌కోవీప్ సెలయేరు. అది ఊటనీరు. దాని గట్టున చెట్లనీడ కలదు. ఉదయమునుండి నీరు చూడనివానికి ఆ నీడ ఎట్లుండునో చెప్పనక్కరలేదు.

సెలయేటి వెంట మూడు మైళ్లు పోయినచో కొలరాడో నది చేరుదుము. అచట చరియమీద, నదికి కొన్ని వందల అడుగుల ఎత్తున, వరుసగా నాలుగు పలకల గవాక్షములవలె కనబడు రాతికట్టుడు గదులు కలవు. అవి ధాన్యపు కొట్లు. సుమారు 900 సంవత్సరములకు పూర్వము ప్యూబ్లో జాతుల పూర్వికులు నదిగట్టున మొక్కజొన్న, గుమ్మడి పండించి, ఆ గింజలను వఱదకు, ఎలుకలకు, తేమకు అందకుండ ఆ ఎత్తున దాచిరి. స్పెయిను సైనికులు దిగలేకపోయిన గండిలో, అంతకు నాలుగైదు వందల యేండ్ల ముందే కొందఱు సంసారములు చేసి, పంటలు దాచుకొని బ్రదికిరి. వారికి బలము ఎక్కువ యుండుటచే గాదు. నీరెచ్చట నుండునో, ఏ ఋతువున ఎచ్చట నుండవలెనో, రేపటికి ఏమి మిగుల్చుకొనవలెనో వారెఱుగుదురు. ఆ కొట్లు అందుకు నిలిచిన గుర్తులు.

ఇప్పుడు నీటి లెక్కకు వత్తము. పై కొసనుండి సెలయేటివఱకు సుమారు 11 మైళ్లు నమ్మదగిన నీరు లేదు. ఎండలో మూటతో నడచువానికి రోజునకు నాలుగైదు లీటర్ల నీరు కావలెను. ఎక్కునప్పుడు గంటకు లీటరు చెమట పోయినను ఆశ్చర్యము లేదు. లీటరు నీరు కిలోగ్రాము బరువు. దిగునప్పుడు తనకు కావలసిన నీటిని మాత్రమే మోసికొనిపోయిన వానికి సెలయేటియొద్ద నీరు దొరకును. కాని తిరిగి ఎక్కునప్పుడు ఆ 11 మైళ్లకును కావలసిన నీటినంతయు అడుగునుండి మోయవలసివచ్చును. ఎంత మోసిన అంత బరువు. ఎంత బరువైన అంత చెమట. ఎంత చెమట పోయిన అంత దప్పిక. ఈ చక్రమునకు అంతములేదు.

దీనికి అనుభవజ్ఞులు కనిపెట్టిన ఉపాయము సరళమైనది. దిగునప్పుడే రెండింతల నీరు మోసికొని బయలుదేరి, మేరియన్ పాయింట్ దగ్గఱను, వాలినమిట్ట దగ్గఱను కొన్ని సీసాలను నీడలో రాళ్లచాటున దాచి, పేరును తేదీయును వ్రాసి, ముందుకు పోదురు. ఎక్కి వచ్చునప్పుడు అవి వారికి ప్రాణాధారములు. ఉపాయము చెప్పుటకు సులువు, ఆచరించుట కష్టము. ఎండ మండుచున్నది, గొంతు ఎండినది, చేతిలో నిండు సీసా యున్నది. దానిని త్రాగక రాయి క్రింద పెట్టి పోవలెను. ఇతరులు దాచిన సీసా కంటబడినను ముట్టరాదు. దానిని త్రాగుట దొంగతనము మాత్రమే గాదు, వెనుక వచ్చువాని ప్రాణము తీయుటతో సమానము. ఖాళీ సీసాలను అచట విడిచిరారాదు. తెచ్చినదెల్ల తిరిగి మోసికొనిపోవలెను.

నీరొక్కటియే చాలదు. గండిలో వేయి అడుగులు దిగిన కొలది వేడిమి సుమారు మూడు సెంటీగ్రేడు డిగ్రీలు హెచ్చును. పై అంచున 24 డిగ్రీల హాయియైన ఉదయమున బయలుదేరినవాడు ఆరువేల అడుగులు దిగునప్పటికి 42 డిగ్రీల కొలిమిలో నిలుచును. వేసవిలో అడుగున ఇది సాధారణమే. రాతిగోడలు పగలంతయు వేడిని త్రాగి, రాత్రియు వెడలగ్రక్కుచుండును. చెమట పట్టి ఆఱుటవలననే దేహము చల్లబడును. ఆ ఎండుగాలిలో చెమట పుట్టినవెంటనే ఆవిరియగును గనుక, చొక్కా తడియదు. తనకు చెమటయే పట్టలేదని మనిషి భ్రమపడును. మఱియొక భ్రమ కలదు. చెమటతో ఉప్పు కూడ పోవును. ఏమియు తినక, ఉత్తనీరే కడవలకొలది త్రాగువాని రక్తములో ఉప్పుపాలు పడిపోయి, తలనొప్పి, వాంతి, మతిభ్రమణము కలిగి, ప్రాణాపాయము సంభవించును. చూచువారు అది దప్పికయని యెంచి ఇంకను నీరు త్రాగింతురు. కావున త్రాగినప్పుడెల్ల ఉప్పుగల తిండి కొంచెము కొంచెము తినుచుండవలెను. మన పెద్దలు ఎండకు పోవువానికి ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చుటలో నున్న శాస్త్రము ఇదియే.

అధికారులు చెప్పు నియమములు మూడు ముఖ్యమైనవి. వేసవిలో ఉదయము 10 గంటలనుండి సాయంకాలము 4 గంటలవఱకు గండిలో నడవరాదు, నీడలో కూర్చుండవలెను. అంచునుండి నదికి పోయి ఒక్క దినములో మరలి రావలెనని ప్రయత్నింపరాదు. దిగుటకు ఎంత కాలము పట్టునో ఎక్కుటకు అంతకు రెండింతలు పట్టునని లెక్కించుకొనవలెను. ఈ నియమములు తెలియకయో, తెలిసియు లక్ష్యపెట్టకయో చిక్కుకొనువారిని గండిలోనుండి కాపాడి తెచ్చుట ఏటేట 250కి పైగా జరుగుచున్నదని ఉద్యానపువారి ప్రకటన. వీరిలో దేహబలముగల యువకులు చాలమంది యుందురు. బలహీనుడు తన బలహీనతను తలచి వెనుకకు తిరుగును. బలవంతుడు దిగునప్పటి సుఖమును నమ్ముకొని చాల దూరము పోవును. అందుచేత అతడు ఎక్కవలసినదియు చాల దూరమగును.

వానవలన వచ్చు అపాయము వేఱు. జూలై మొదలు సెప్టెంబరు వఱకు ఆ ఎడారిలో మధ్యాహ్నములందు ఉఱుములతో వాన కురియును. నేల రాయి గనుక నీరు ఇంకదు. కురిసినదంతయు సందులలోనికి పరుగెత్తును. మన తలపై మబ్బు లేకపోయినను, మైళ్లకు ఎగువ పడిన వాన గోడవలె వచ్చి మీదపడవచ్చును. 1997 ఆగస్టు 12వ తేదీన ఆరిజోనాలోనే యాంటిలోప్ కాన్యన్ అను ఇఱుకు గండిలో నున్న 11 మంది యాత్రికులు ఇట్టి వఱదలో కొట్టుకొనిపోయిరి. వాన కురిసినది వారున్నచోట గాదు, ఎగువను. కావున గండిలో రాత్రి బసచేయువారు ఏటి ఇసుకపై గుడారము వేయరు. గట్టుపై, చెత్తచెదారము ఆగిన వఱద గుర్తుకంటె పైన వేయుదురు. నాన్‌కోవీప్‌లో నడచుటకు వసంతమును, శరత్తును మంచి కాలములు. చలికాలమున ఉత్తరపు అంచుదారులు మంచుతో మూతపడును. వేసవిలో నడుచుట సాహసమనుటకంటె అవివేకమనుట మేలు.

మఱి అనుభవజ్ఞు డనగా నెవడు? రెండు మూడు దినములకు తగిన తిండి మోయగలవాడు, పటము చూచి దారి గుర్తింపగలవాడు, ఇఱుకు అంచున తల తిరుగనివాడు, ఇవన్నియు కావలసినవే. రాత్రి బసకు ముందుగా అనుమతిపత్రము పొందవలెను. ఇంటియొద్ద ఒకరికి తన దారియు, తిరిగివచ్చు దినమును వ్రాసి యిచ్చిపోవలెను. చేతిఫోను ఆ రాతిగోడల నడుమ పనిచేయునని నమ్మరాదు. ఇవన్నియు ఉన్నను, అసలు గుణము వేఱొకటి కలదు. అది వెనుకకు తిరుగు నేర్పు. మేరియన్ పాయింట్ చేరునప్పటికే సగమునకు మించి నీరు ఖర్చయినచో, మోకాలు నొచ్చినచో, తోడివాని మాట తడబడినచో, నది కంటికి ఎదురుగా మెఱయుచున్నను అక్కడనే మరలుట. నదిని చూడక మరలివచ్చిన వానిని ఆ గండి నెఱిగినవారెవరును తక్కువగా చూడరు. అతడు మఱియొక యేడు పోగలడు గదా!

ఎక్కుట గూర్చి చెప్పుటకు మిగిలినది స్వల్పమే. తెల్లవాఱకముందే సెలయేటియొద్ద సీసాలు నింపుకొని బయలుదేరుదురు. ఎఱ్ఱగోడమీద ఎండపడకముందు దానిని ఎక్కివేయవలెనని వారి తొందర. నిన్న అరగంటలో దిగిన వాలు నేడు ఒక గంటను, కొన్నిచోట్ల అంతకుమించి కాలమును తీసికొనును. వాలినమిట్ట మీదికి వచ్చి, రాయి తొలగించి, తాము దాచిన సీసా అట్లే యుండుట చూతురు. నిన్న త్రాగవలెనని మనసు ఎంత పీకినను త్రాగని నీరు అది.

మన పాఠశాల విద్యార్థులలో ఆరిజోనాకు పోవువారు కొలదిమందియే యుందురు. కాని దిగుట సులువై ఎక్కుట కష్టమైన దారులు ఆ దేశమున మాత్రమే లేవు. జలపాతపు గుంటలోనికి దిగువాడు, వేసవిలో నీరులేని కొండవాగు వెంట పోవువాడు, ఈత వచ్చునని ఏటి నడుమకు పోవువాడు, అందఱును తలక్రిందుల పర్వతమునే దిగుచున్నారు. విహారయాత్రలకు పోవునప్పుడు "ఎంత దూరము పోగలము?" అని మాత్రమే అడుగకుడు. "ఎక్కడనుండి తిరిగి రాగలము?" అని అడుగుడు. తరువాత ఆ తిరుగుదారికి వలసిన నీటిని ముందుగానే ప్రక్కకు తీసి పెట్టి, మిగిలినదానితో బయలుదేరుడు.